ఒకే మనిషి, అరడజను మందులు: పల్లె ఓపీలో మొత్తం మనిషిని చూడటం ఎలా?

లంకక్లినిక్ (ఎంఎల్‌హెచ్‌పీ, అంటే పల్లె క్లినిక్ చూసే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది, కోనసీమ)

అందరికీ నమస్కారం. ఈమధ్య ట్రైనింగ్‌లో ఒక పూటంతా ‘జబ్బును కాదు, మొత్తం మనిషిని చూడాలి, అదే సమగ్ర వైద్యం’ అన్న సంగతి మీదే నడిచింది. ఆహారం, నిద్ర, యోగా, మనసు, కుటుంబం, అన్నీ కలిపి చూడాలన్నారు. కాదనేదేముంది? కానీ పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) దిగి క్లినిక్ తాళం తీసేసరికే వరండా నిండా జనం. బీపీ చూడాలి, సుగర్ చూడాలి, అన్నీ యాప్‌లో ఎక్కించాలి, నెట్ ఉండదు. ఇందులో మొత్తం మనిషిని చూసే తీరిక ఎక్కడిది?

ఒక కేసు చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. యాభై దాటిన ఆవిడ, రొయ్యల షెడ్డులో వలిచే పని. ఐసులో చేతులు పెట్టి గంటల తరబడి నిలబడాలి. సుగర్, బీపీ ఉన్నాయి. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట: “ఒళ్ళంతా నొప్పులండి, నీరసమండి, నిద్ర లేదండి, ఒక సెలైన్ ఎక్కించండి.” ఈసారి ఇంట్లో వాడేవన్నీ సంచీలో వేసుకు రమ్మన్నాను. తెచ్చింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన బిళ్ళ. టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బీపీ బిళ్ళ. ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పుల బిళ్ళలు, పేరు లేని కవర్లో. సంతలో కొన్న గోధుమరంగు పొడి, కీళ్ళవాతానికట. హోమియో గుళికలు. పొద్దున్నే మెంతులు నానబెట్టిన నీళ్ళు. ఇవి కాక, టీవీలో ఎవరో చెప్పారని ఉప్పు దాదాపు మానేసి రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్ళు తాగుతోంది.

ఇవి ఇచ్చినవాళ్ళలో ఒకరు ఇచ్చిన సంగతి ఇంకొకరికి తెలియదు. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు? ముందు యోగా నేర్పమని మాత్రం దయచేసి చెప్పకండి.

ఎండీ_రావులపాలెం (జనరల్ మెడిసిన్)

సంచీ తెప్పించడంతోనే మీరు మొదలుపెట్టేశారు. ఎక్కువమంది డాక్టర్లు “ఏం మందులు వాడుతున్నావు?” అని అడుగుతారు. అలా అడిగితే డాక్టరు రాసినవే చెబుతారు. పొడి, మెంతులు, నీళ్ళు, వీటిని వాళ్ళు మందుల లెక్కలో వేయరు.

ఈ సంచీలో నాకు భయం వేసేవి వరసగా చెబుతాను. నొప్పుల బిళ్ళ డైక్లోఫెనాక్ లాంటిదై ఉంటుంది. దానికి టెల్మిసార్టన్, నీరు తీసే మందు (హైడ్రోక్లోరోథయాజైడ్) తోడయ్యాయి. ఈ మూడూ ఒకే ఒంట్లో పడితే కిడ్నీ దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుంది. విరేచనాలో, ఎండదెబ్బో తగిలిన రోజున మరీను. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), పొటాషియం చూడండి.

రెండోది సోడియం, అంటే రక్తంలో ఉండే ఉప్పు. ఆ నీరు తీసే థయాజైడ్ రకం మందు వాడే పెద్ద వయసు ఆడవాళ్ళలో సోడియం పడిపోవడం మనం తరచూ చూసేదే. దాని మీద ఉప్పు మానేసి, లీటర్ల కొద్దీ నీళ్ళు తాగితే ఇంకేముంది? నొప్పుల బిళ్ళలు కూడా నీటిని ఒంట్లోనే ఆపుతాయి. నీరసం, తల తిరగడం, మాట తడబడటం, చివరికి ఫిట్స్. ఆవిడ అడిగే సెలైన్ వెనక నిజంగానే సోడియం తక్కువ ఉండొచ్చు. అలాగని చూడకుండా ఎక్కించేయకండి. సోడియంను త్వరత్వరగా పెంచితే మెదడుకే ప్రమాదం.

మూడోది ఆ పొడి. సంతలో కొన్న కీళ్ళ పొడి రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉందనే నేను అనుకుంటాను. ముఖం ఉబ్బిందా, చర్మం పల్చబడిందా, కొంచెం తగిలినా కమిలిపోతోందా, సుగర్ ఉన్నట్టుండి పెరిగిందా చూడండి. పొడి పారేయమని వెంటనే చెప్పొద్దు. ఎన్నాళ్ళుగా వాడుతోందో కనుక్కుని నాలాంటి వాళ్ళ దగ్గరకు పంపండి.

మెంతినీళ్ళు చెడ్డవి కావు. కానీ గ్లిమెపిరైడ్ వేసుకుని, మెంతినీళ్ళు తాగి, టిఫిన్ తినకుండా షెడ్డుకి పరిగెడితే పదింటికి సుగర్ పడిపోయి, చెమటలు పట్టి కూలబడుతుంది. ఆవిడ చెప్పే నీరసంలో ఇదీ ఒక వాటా కావచ్చు.

ఇంటర్న్_కాకినాడ

సార్, మీరు రాసినదంతా మామూలు జనరల్ మెడిసినే కదా? దీనికి ‘సమగ్ర వైద్యం’ అని పెద్ద పేరెందుకు? నేను చూసినంతలో ఆ పేరుతో జరిగేది ఒకటే, రుజువైన మందు పక్కన రుజువు కాని మందు పెట్టి రెండింటికీ బిల్లు వేయడం.

ఆయుర్వేద_అమలాపురం (బీఏఎంఎస్)

ఇంటర్న్ గారూ, మీ కోపం అర్థమైంది. నాకూ రెండు కోపాలున్నాయి.

సంతలో అమ్మే పొడిని ఆయుర్వేదం ఖాతాలో వేయకండి. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, పదార్థాల జాబితా లేనిది ఏ వైద్యమూ కాదు. 1954 నుంచి మాయమందుల ప్రకటనల మీద చట్టం ఉంది. అయినా బస్టాండు గోడల నిండా అవే.

రెండో కోపం మావాళ్ళ మీద. ‘మూలిక కాబట్టి హాని లేదు’ అనేవాళ్ళు మాలోనూ ఉన్నారు. 2004లో అమెరికాలో బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికింది. ఈ మాట ఎత్తితే మా వాట్సాప్ గ్రూపుల్లో కొట్లాటే. సుగర్ వల్ల కిడ్నీ మీద ఇప్పటికే భారం పడిన మనిషికి నేను భస్మాలు (లోహాలను కాల్చి చేసే మందులు) ఇవ్వను. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. నీరు తీసే బిళ్ళ వేసుకునేవాళ్ళకు అది ఇంకా చేటు.

మరి నేను చేసేదేమిటంటారా? మా రోగి పరీక్ష ఆకలి, నిద్ర, విరేచనం, దాహం, చెమట, పని, రుతువు, వీటితో మొదలవుతుంది. ఆవిడ నా దగ్గరకు వస్తే మందుకంటే ముందు ఏ వేళకు తింటోందో అడుగుతాను. భుజాలకూ నడుముకూ గోరువెచ్చని నూనె మర్దన, వేడి కాపడం చెబుతాను. కాపడం మాత్రం పాదాలకు వద్దు, సుగర్ వల్ల స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. దాంతో నొప్పుల బిళ్ళ రోజుకి ఒకటి తగ్గినా నాకు చాలు.

ఎండీ_రావులపాలెం

పై పోస్టుతో నాకు పేచీ లేదు. ఇంటర్న్ గారికి ఒక మాట. 1977లో అమెరికన్ వైద్యుడు జార్జ్ ఎంగెల్ ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం మీకు సైకియాట్రీ క్లాసులో చెప్పే ఉంటారు. ఒంట్లో తేడా, మనసు, బతుకు పరిస్థితులు మూడూ కలిసే జబ్బు అవుతుందని ఆయన వాదన. పరీక్షలో మార్కులకు రాసి వదిలేస్తాం. ఓపీలో దాన్ని ఏ ప్రశ్నగా మార్చాలన్నది ఎవరూ నేర్పరు. లంకక్లినిక్ గారు అడుగుతున్నది అదే.

కుట్టుకొబ్బరి (ఫిజియోథెరపీ, రాజోలు వైపు)

నేను చూసేది సగం మంది కొబ్బరి పనివాళ్ళే. దింపువాళ్ళకు భుజాలు, మోకాళ్ళు. ఒలుపు వాళ్ళకు గునపం మీద కాయను పొడిచి తిప్పీ తిప్పీ నడుం, మణికట్టు. ఊడ్పుల రోజుల్లో ఆడవాళ్ళు వరసగా నడుం పట్టుకుని వస్తారు. అందరూ ఒకటే చీటీ తెస్తారు: ‘బెడ్ రెస్ట్, బరువులు ఎత్తరాదు, ముందుకు వంగరాదు’. కూలికి వెళ్ళేవాళ్ళకు ఈ సలహా ఇచ్చి ఏం లాభం? పాటించలేరు. దానికితోడు నడుం లోపల ఏదో విరిగిపోయిందన్న భయం మాత్రం గట్టిగా నాటుకుపోతుంది. కదిలితే పాడైపోతానన్న ఆ భయం నొప్పిని నెలల తరబడి నిలబెడుతుంది.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో దీర్ఘకాలపు నడుం నొప్పికి ముందు చెప్పింది మందులు కాదు. వ్యాయామం, యోగా, మనసును కుదుటపరిచే పద్ధతులు, ఆక్యుపంక్చర్ లాంటివి ముందు, వాటితో కుదరకపోతేనే నొప్పుల బిళ్ళలు. మన దగ్గర తిరగబడిన వరస: ముందు సూది, తర్వాత ఎమ్మారై, చివర్లో ఫిజియో.

అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే వ్యాయామం మాటే వద్దు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలు పట్టు తప్పడం, జ్వరంతో నడుం నొప్పి, బరువు తగ్గిపోవడం, గతంలో క్యాన్సర్. వీటిలో ఏది ఉన్నా అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలి.

మీ రొయ్యల షెడ్డు రోగి సంగతికొస్తే, షెడ్డులో కదలకుండా నిలబడటమే అసలు బాధ. ఒక కాలు కింద చిన్న పీట, వీలైనప్పుడల్లా కాళ్ళు మార్చడం, గంటకోసారి మడమలు పైకెత్తి దించడం, భుజాలు వెనక్కి తిప్పడం. విడిగా వ్యాయామానికి టైం కేటాయించమంటే ఎవరూ చేయరు. పనిలోనే దూర్చాలి. సూపర్‌వైజరు పీటకు ఒప్పుకుంటాడా అన్నది వేరే గొడవ, దానికి ఆశా అక్క వెళ్ళి మాట్లాడితే మన చీటీ కంటే బాగా పనిచేస్తుంది.

ఆశా_గోదారిగట్టు (ఆశా కార్యకర్త)

నన్ను పిలిచారు కాబట్టి చెబుతానండి. మీ అందరిలా చదువుకున్నదాన్ని కాదు, తప్పుంటే సర్దుకోండి.

డాక్టరు గారు అడిగితే మా ఊళ్ళో ఆడవాళ్ళు ఒకటే మాట అంటారండి, “బాగానే వేసుకుంటున్నానండి” అని. అదే నాతో రేవులో బట్టలు ఉతుకుతూ అంతా చెబుతారు. ఇలాంటి ఆవిడే మా ఊళ్ళో ఉంది. కూతురు కువైట్ వెళ్ళింది. ఏజెంటుకి ఇచ్చిన డబ్బు వడ్డీకి తెచ్చిందే. ఫోను రాకపోతే ఆ రాత్రి నిద్ర ఉండదు. మనవళ్ళిద్దరినీ ఈవిడే చూడాలి. మొగుడు తాగుతాడు. మీరేమో చపాతీ తినమ్మా, వాకింగ్ చేయమ్మా అంటారు. ఇంట్లో అందరికీ అన్నం వండి తనకొక్కదానికే చపాతీ చేసుకునే ఆడది ఉంటుందా అండి?

ఇంకోటి. ఇన్సులిన్ అంటే ఆఖరి మందు, దాని తర్వాత కాళ్ళు తీసేయడమే అని మా ఊళ్ళో నమ్మకం. ఎవరో పక్కింటాయనకి అలా జరిగింది. అందుకే పసరు మందుకి పోతారండి. భయం అడగకుండా మందు రాస్తే అది అటకెక్కుతుంది.

ఇంటర్న్_కాకినాడ

అక్కా, మీ పోస్టు మా క్లాసులో పెట్టాలి. నిజంగా అంటున్నాను.

అయినా అడుగుతాను. టైం మాటేమిటి? 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో దేశాలవారీగా డాక్టరు రోగితో గడిపే సమయం లెక్కలు వేస్తే స్వీడన్‌లో ఇరవై రెండు నిమిషాలు దాటింది, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మనం ఎటువైపు ఉంటామో చెప్పక్కర్లేదు. కూతురు కువైట్ కబుర్లు ఆ సెకన్లలో ఎలా పడతాయి?

మనసు_ఏలూరు (సైకియాట్రీ)

పడతాయండి. అన్నీ ఒకేరోజు అడగాలనుకుంటేనే పట్టవు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు రికార్డు చేసి చూస్తే డాక్టర్లు సగటున 18 సెకన్లకే రోగి మాటకు అడ్డు తగిలారు. అడ్డు తగలకపోతే గంటసేపు చెబుతారని మన భయం. చెప్పరు. చాలామంది ఒకటి రెండు నిమిషాల్లో తామే ఆగిపోతారు. బీపీ పట్టీ విప్పుతూ “ఇంట్లో అంతా ఎలా ఉన్నారమ్మా?” అని అడిగి ఊరుకోండి, చెయ్యి కదపొద్దు, మాట్లాడొద్దు అనాల్సిన పని అయ్యాక.

మా వైపు మనసు బాధ మనసు పేరుతో రాదు. గ్యాస్, గుండె దడ, తల బరువు, అరికాళ్ళ మంటలు, నరాల బలహీనత, ఇలా వస్తుంది. అలాగని ఒంటినొప్పులన్నీ టెన్షనే అని తేల్చేయడం దానికంటే పెద్ద తప్పు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గి అరికాళ్ళు మండొచ్చు. థైరాయిడ్ తగ్గినా ఒళ్ళు నొప్పులు, నీరసం. రక్తం తక్కువైనా అంతే. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), వీలైతే బీ12 చూశాకే నా దగ్గరకు పంపండి. లేదా ఒకేసారి రెండూ చేయండి. ముందు ఒళ్ళు, అది అయ్యాక మనసు అని వరస పెట్టుకోనక్కర్లేదు.

రెండు ప్రశ్నలు చాలు మొదటిసారికి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి, సంతోషం లేకుండా పోయిందా? దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా అనిపించిందా? ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తొమ్మిది ప్రశ్నల పట్టీకి వెళ్ళాలి. అందులో చివరిది చచ్చిపోవాలనిపిస్తోందా అన్న ప్రశ్న. దాన్ని అడగడానికి మనవాళ్ళు జంకుతారు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటపడుతుంది. డెల్టాలో ప్రతి ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటుంది. ఆ మాట వచ్చిన ఇంట్లో డబ్బాను తాళంలో పెట్టించడం కూడా చికిత్సే. టెలీ మానస్ (మనసు బాధలకు ప్రభుత్వ ఫోన్ సాయం) 14416 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, తెలుగులో మాట్లాడొచ్చు.

మొగుడి తాగుడు గురించి ఆవిడని అడిగేటప్పుడు మొగుడు పక్కన ఉండకూడదు. చెప్పాల్సిన పనే లేదనుకుంటాను, కానీ ఓపీల్లో చూస్తున్నదాన్ని బట్టి చెప్పాల్సి వస్తోంది.

యోగా_భీమవరం

యోగా వద్దన్నారు కాబట్టి భయపడుతూనే రాస్తున్నాను 🙂

నిలబడి అలసిపోయిన మనిషికి ఆసనాలు చెప్పక్కర్లేదు, నిజమే. పడుకునే ముందు వెల్లకిలా పడుకుని, పిక్కల కింద దిండు పెట్టుకుని, నిమిషానికి ఆరేడు శ్వాసలు వచ్చేలా నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం. వదిలేది కొంచెం పొడవుగా. ఇది బీపీని కొద్దిగా తగ్గిస్తుంది, నిద్రకు సాయం చేస్తుంది. బీపీ బిళ్ళకు బదులు కాదు. ‘యోగా మొదలుపెట్టారుగా, ఇంక బిళ్ళ ఆపేయండి’ అనే గురువులు మా ఊళ్ళో కూడా ఉన్నారు, వాళ్ళతో నాకు ఎప్పుడూ గొడవే.

బీపీ అదుపులో లేనివాళ్ళకు, హెర్నియా ఉన్నవాళ్ళకు కపాలభాతి లాంటి వేగమైన ప్రక్రియలు నేను చెప్పించను. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళకు తలకిందులు ఆసనాలు వద్దు. జలనేతికి (ముక్కును నీళ్ళతో కడగడం) కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలి, కాలవ నీళ్ళు కాదు. కాలవ నీళ్ళతో చేసేవాళ్ళున్నారు, నమ్మండి.

మెడికల్‌షాపు_పాలకొల్లు (ఫార్మసిస్ట్)

మొత్తం మనిషిని చూసే తీరిక ఎక్కడిదని అడిగారు కదా, ఆ మొత్తం మనిషి మా కౌంటర్ దగ్గర దొరుకుతాడండి. ఆర్‌ఎంపీ చీటీ, పెద్ద డాక్టరు చీటీ, పక్కింటావిడ సలహా, మూడూ మాకే వస్తాయి. ఒకే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో రెండూ వేసుకునేవాళ్ళు ఎంతమందో. మేం అడగం, వాళ్ళు చెప్పరు.

నేనొక పని మొదలుపెట్టాను. రోజూ మందులు వాడేవాళ్ళకు ఒక అట్ట ముక్క ఇస్తాను. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్ళు, తెలుగులో. చదవలేనివాళ్ళకు సూర్యుడు, గిన్నె, చంద్రుడు బొమ్మలు. కింద ఖాళీ గడిలో ‘ఇంకా ఏమేం’ అని ఉంటుంది. అందులో మెంతులు, కాకరరసం, తిప్పతీగ, నొప్పుల బిళ్ళ, ఏది చెబితే అది రాస్తాను. తిట్టను. ఒకసారి తిడితే మళ్ళీ ఆ గడి నిండదు. ఈ అట్ట ఏ డాక్టరు దగ్గరకెళ్ళినా చూపించమంటాను. పసుపు బిళ్ళలూ, మిరియాల సారం కలిసిన క్యాప్సూళ్ళూ ఈమధ్య బాగా పోతున్నాయి. కూరలో పసుపు వేరు, గాఢంగా చేసిన ఆ క్యాప్సూల్ వేరు. వాటివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వేరే దేశాల్లో నమోదయ్యాయి. రక్తం పల్చబరిచే మందు వాడేవాళ్ళు అడిగితే నేను అమ్మను.

లంకక్లినిక్

అందరికీ ధన్యవాదాలు. అప్‌డేట్. రక్తం పీహెచ్‌సీకి పంపించాం. సోడియం 126 వచ్చింది, బాగా తక్కువే. క్రియాటినిన్ కొంచెం ఎక్కువే. మెడికల్ ఆఫీసర్ సార్ ఏరియా ఆసుపత్రికి రాశారు, బీపీ బిళ్ళ మార్చారు, నొప్పుల బిళ్ళ ఆపించారు. మెంతినీళ్ళు ఉంచుకోమని, టిఫిన్ తిన్నాకే షెడ్డుకి వెళ్ళమని చెప్పాం. దిగులు ప్రశ్నలకు మార్కులు నాలుగు.

నీళ్ళ దగ్గర మాత్రం ఇరుక్కున్నాను. “నీళ్ళు ఎక్కువ తాగితే మంచిదని టీవీలో పెద్దాయన చెబుతుంటే మీరు తగ్గించమంటారేంటి?” అంటోంది.

ఎండీ_రావులపాలెం

టీవీ ఆయన్ని తిట్టొద్దు. ఆయన మాట విని ఆవిడ కూల్‌డ్రింకులు మానేసి ఉండొచ్చు, వేపుళ్ళు తగ్గించి ఉండొచ్చు. ఆ మేలు ఉంచుకోవాలి. “ఆయన చెప్పింది ఏ మందూ వాడనివాళ్ళకి. మీరు వాడిన బిళ్ళ ఉప్పుని బయటికి తోసేస్తుంది, అందుకని మీకు లెక్క వేరు” అని చెప్పండి, రిపోర్టు చూపించండి. గుండె బలహీనమైన వాళ్ళకూ, డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకూ ఈ లీటర్ల లెక్క ఇంకా ప్రమాదం.

అలాగే కొవ్వు ఎక్కువ, అన్నం సున్నా అనే డైట్లు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి సుగర్ మందు వాడుతూ అవి మొదలుపెడితే సుగర్ పెద్దగా పెరగకుండానే కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదకర స్థితి) రావచ్చు. వాంతులు, ఆయాసం, గ్లూకోమీటర్ చూస్తే మామూలుగా ఉంటుంది, అక్కడే మోసపోతాం. అందుకే ‘ఈమధ్య తిండి ఏమైనా మార్చారా?’ అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

ఆయుర్వేద_అమలాపురం

తిండి మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. మన రోగి మందు తీసుకోగానే అడిగేది “పథ్యం ఏంటండీ?” అని. అల్లోపతీ డాక్టరు “ఏమీ లేదు, అన్నీ తినొచ్చు” అంటాడు. రోగికి ఆ మందు మీద నమ్మకం సగం పోతుంది. పథ్యం లేని మందు మందేమిటని వాళ్ళ లెక్క. ఆ ప్రశ్నను వదులుకోకండి, మీకు కావలసినదంతా అందులో పెట్టొచ్చు. అన్నం మానొద్దు, ఈ నేల మీద మానేవాళ్ళు లేరు. కంచంలో సగం కూర, పప్పుకో చేపకో పావు, అన్నానికి పావు. ముందు కూర, పప్పు తిని ఆపైన అన్నం. మారు వడ్డన కూరది. ఊరగాయ ఆదివారమే. దీన్ని ‘పథ్యం’ అని చెబితే పాటిస్తారు, ‘డైట్ చార్ట్’ అని కాగితం ఇస్తే పొట్లం కడతారు.

సిరిధాన్యాలు మంచివే, కానీ కొర్రల ధర చూశారా? షెడ్డు కూలితో అవి రోజూ ఎవరు వండుతారు?

మెడికల్‌షాపు_పాలకొల్లు

వరదల సీజను కూడా గుర్తుపెట్టుకోండి లంక వాళ్ళు. జూలై, ఆగస్టుల్లో నీళ్ళొస్తే పంటు ఆగుతుంది. అంతకుముందే నెల మందులు ముందుగా ఇచ్చేయాలి. ఇన్సులిన్ వాడేవాళ్ళకు కరెంటు లేకపోతే కొత్త మట్టికుండ, చుట్టూ తడిగుడ్డ, అందులో చిన్న డబ్బాలో సీసా. ఐసులో నేరుగా పెడితే గడ్డకట్టి పాడైపోతుంది, రొయ్యల ఊళ్ళలో ఐసు చేతికందేదే కాబట్టి చెబుతున్నాను.

ఇంటర్న్_కాకినాడ

నాది ఒక సందేహం మిగిలింది. ఇంతమంది ఉన్నారు సరే. ఆవిడ ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది? పొడి ఆపే బాధ్యత ఎవరిది? అందరూ కలిసి చూడటం అంటే చివరికి ఎవరూ చూడకపోవడం కావచ్చు.

ఎండీ_రావులపాలెం

ఈ థ్రెడ్‌లో అన్నింటికంటే మంచి ప్రశ్న ఇది. నా జవాబు: ఊళ్ళో ఉండే మనిషి దగ్గరే. అంటే లంకక్లినిక్ గారే. మేమంతా సలహా ఇస్తాం. చేర్చేది, తీసేసేది లంకక్లినిక్ గారికి తెలియకుండా జరగకూడదు. నేను మందు మారిస్తే ఎందుకు మార్చానో తెలుగులో రెండు వాక్యాలు రాసి పంపాలి. ఆయుర్వేదం వారూ అంతే. మా రాత చదవలేమని ఇప్పటికే పేరుంది.

పొడి విషయం మాత్రం నేను తీసుకుంటాను. ఎక్కువకాలం స్టెరాయిడ్ వాడి ఉంటే ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, సుగర్ పడిపోవడం, ప్రాణం మీదికి రావచ్చు. సోడియం తగ్గడంలోనూ దీని వాటా ఉందేమో చూడాలి. పొద్దుటి కార్టిసాల్ (ఆ గ్రంథులు చేసే స్టెరాయిడ్) పరీక్ష చేయిస్తాను, కానీ రిపోర్టు బాగుందని ధైర్యం చెప్పేయను. పొడిలో ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఉంటే చాలా ల్యాబ్ పద్ధతుల్లో అది కార్టిసాల్‌లాగే కనిపిస్తుంది. పొడి ఆపి, తెలిసిన మోతాదులో బిళ్ళ ఇచ్చి, నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలి. ఆ రోజుల్లో జ్వరం, విరేచనాలు వస్తే మోతాదు పెంచాలని ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.

ఆశా_గోదారిగట్టు

ఒకటి అడగొచ్చా అండి, టాపిక్ వేరేదైనా. మా దగ్గర బోదకాలు వాళ్ళున్నారు. ఏటా ఇచ్చే బిళ్ళలు వేయిస్తాం. “కాలు తగ్గలేదు కదా, ఎందుకు వేసుకోవాలి?” అంటారు. వాళ్ళని పెళ్ళిళ్ళకి కూడా పిలవరండి. వాళ్ళకి ఏం చెప్పాలి?

కుట్టుకొబ్బరి

టాపిక్ ఇదేనండి అక్కా. ఆ బిళ్ళలు దోమ ద్వారా ఇంకొకరికి పోకుండా ఆపడానికి. పాత వాపు వాటితో పోదు, ఆ సంగతి ముందే చెప్పేస్తే నమ్ముతారు. వాపు పెరగడానికి అసలు కారణం వేళ్ళ మధ్య పగుళ్ళలోంచి సూక్ష్మక్రిములు దూరి పదే పదే వచ్చే చలిజ్వరం. దాన్ని ఆపితే కాలు నిలకడగా ఉంటుంది.

రోజూ మామూలు సబ్బుతో, శుభ్రమైన నీళ్ళతో, చేత్తో మెల్లగా కడగాలి. బ్రష్ వద్దు. వేళ్ళ మధ్య మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడవాలి, ఊడ్పుల రోజుల్లో సాయంత్రం ఇంకోసారి. పగుళ్ళుంటే పీహెచ్‌సీలో పూత మందు ఇస్తారు. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టాలి, పడుకునే మంచం కాళ్ళ వైపు ఇటుక పెట్టొచ్చు, గుండె జబ్బు లేకపోతే. మడమ పైకి కిందికి ఆడించాలి. బిగుతు లేని చెప్పులు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పకండి. నలుగురైదుగురిని ఒక అరుగు మీద కూర్చోబెట్టి, బకెట్లు పెట్టి, ఒకరి ముందు ఒకరు కడుక్కునేలా చేయండి. కాలు దాచుకుని కూర్చున్నవాళ్ళు నలుగురిలోకి రావడం అక్కడే మొదలవుతుంది.

ఆశా_గోదారిగట్టు

బకెట్లు ఎవరిస్తారండి?

లంకక్లినిక్

పీహెచ్‌సీలో బోదకాలు కిట్లు ఉన్నాయేమో అడుగుతాను అక్కా. ఉంటే టబ్బు, మగ్గు, తువ్వాలు, సబ్బు అందులోనే వస్తాయి. లేకపోతే ఇండెంట్ పెడదాం. పేర్ల జాబితా మీరు పంపండి, మిగతాది నేను చూసుకుంటాను.